చాక్‌పీసు దూరేంత సందు

మా సైన్సు సారు పోయిన సంగతి గురువారం పొద్దున పది గంటలకు తెలిసింది. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు ఎదురుగా, మేడమీద రెండు గదుల్లో నేను ఫిజియోథెరపీ చూస్తాను. భుజం పట్టేసిన ఒక టైలరు చేత గోడ మీద వేళ్ళు పాకిస్తూ "ఇంకొంచెం పైకి, ఇంకొంచెం" అని ప్రాణం తీస్తున్నప్పుడు ఫోను మోగింది. సారు కోడలు. "అక్కా, మామ లేడక్కా" అంది. కాపీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకొని, కుర్చీలోనే ఒరిగిపోయినారట.

ఎవరేమనుకున్నా సరే, ఉన్నమాట చెప్తాను. నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ ఆదివారం ఆయన తుంబలహళ్లిలో వియ్యంకుడి ఇంటికి పోవాల్సి ఉంది. మూడేళ్ళుగా నేను బతిమాలి, పోట్లాడి, అలిగి ఒప్పించిన ప్రయాణం అది. మూడేళ్ళు ఆగిన మనిషి ఇంకో మూడు రోజులు ఆగకూడదా అనుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే అనుకుంటున్నాను. ఆ కోపం మీకు అర్థం కావాలంటే నేను కోడికాలు దగ్గర మొదలుపెట్టాలి.

సారు సొంతూరు మహేంద్రమంగళం. సేద్యం చేసుకునే తెలుగు ఇల్లు. మాది శెట్ల ఇల్లు, బజారులో పప్పుల అంగడి. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే, గడప దాటితే తమిళమే. బళ్ళో ఆయన తమిళంలో పాఠం చెప్పి, గంట కొట్టాక వరండాలో మాతో తెలుగులో మాట్లాడేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు. జేబు అడుగున తెల్లటి మరక. రిటైరయిన తర్వాత కూడా ఆ చాక్‌పీసు జేబులోనే ఉండేది. ఎందుకు సార్ అంటే, "ఎవురైనా ఏమైనా అడిగితే బొమ్మ గీసి చూపియ్యల్ల కదా" అనేవారు.

ఎనిమిదో తరగతిలో కండరాల పాఠం చెప్పే రోజు ఆయన కారిమంగళం సంతలో కోళ్ళు కోసేవాళ్ళను అడిగి తెచ్చిన కోడికాలు ఒకటి కాగితంలో చుట్టుకొని వచ్చారు. తెగిన చోట తెల్లగా ఒక సన్నటి తాడు కనిపిస్తోంది. చిన్న పట్టకారుతో దాన్ని పట్టి లాగారు. చచ్చిన కోడి వేళ్ళు గబుక్కున ముడుచుకున్నాయి. వదిలారు, తెరుచుకున్నాయి. ఆడపిల్లలం కెవ్వుమన్నాం, మగపిల్లలు బల్లలు చరిచారు. ఆయన మళ్ళీ లాగి, మళ్ళీ వదిలి, ఒక్కొక్కరి ముఖం చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఏమీ చెప్పకుండా కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేసి, వేరే పాఠం తీశారు.

మరునాడూ అదే తంతు. లాగడం, వదలడం, మా ముఖాలు చూడడం, బీరువాలో పెట్టడం. మూడోనాటికి వాసన వరండా చివరిదాకా పాకింది. హెడ్మాస్టరు ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకొని వచ్చి ఏమిటిదని కేకలేస్తే, సారు తాపీగా "పిల్లోళ్ళు ఇంకా అడగలేదు సార్" అన్నారట. నేను ఇక తట్టుకోలేక లేచి, "సార్, కోడి చచ్చిపొయ్యింది కదా, మరి వేళ్ళు ఎట్ల కదులుతాయి?" అని అడిగేశాను. ఆ బీరువా శుభ్రం కావాలని అడిగానే తప్ప జ్ఞానం కోసం కాదు. కానీ ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చిందమ్మా ప్రశ్న!" అని ఆ కాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే లాగు" అన్నారు.

కోడిగుడ్డు పేరు కూడా ఎత్తని ఇంట్లో పుట్టినదాన్ని. కళ్ళు మూసుకొని లాగాను. ఆ కాలు నా చూపుడువేలును పట్టుకుంది. కళ్ళు తెరిచాను. ఇంకోసారి లాగాను, మళ్ళీ పట్టుకుంది. వాసన సంగతి మరిచిపోయాను.

"కండకు బలం ఉంటాదిగాని దానికి పట్టు లేదు" అన్నారు సారు. "అది ముడుచుకుంటాది, అంతే. ముడుచుకున్న బలాన్ని ఎముక దాకా చేర్చేది ఈ తాడు. వింటికి నారి ఎట్లనో కండకు ఇది అట్ల. ఎముకను ఎముకతో కట్టేది ఇంకొకటి. అన్నిట్నీ చుట్టి ఎక్కడివక్కడ పెట్టేది పలచని పొర ఇంకొకటి. ఊర్లో అందరూ కండను చూసి మెచ్చుకుంటారు. ఈటిని ఎవురూ తలుచుకోరు, తెగిన రోజు తప్ప." ఆ మాటలు అక్షరం పోకుండా నాకు గుర్తున్నాయి. ఆ రోజు మా అవ్వ నన్ను ఇంట్లోకి రానివ్వకుండా పెరట్లో తలమీద నుంచి బిందెడు నీళ్ళు పోయడం కూడా గుర్తుంది. పుస్తకాల సంచీని కూడా ఉతికి ఆరేసింది, పుస్తకాలు తీయకుండానే.

అడగనిది చెప్పకూడదన్నది ఆయన పట్టుదల. "అడగనోడికి చెప్తే మాట చెవి దాకా పోతాది, లోపలికి పోదు" అనేవారు. అడిగితే మాత్రం ఎంత దూరమైనా వచ్చేవారు. ఒకరోజు వరండాలో "సార్, మనం ఇంట్లో మాట్లాడేదానికి అక్షరాలు లేవా?" అని అడిగిన పాపానికి, ఏడాదిపాటు సాయంత్రాలు నాకు తెలుగు రాయడం నేర్పించారు. మా బంధువుల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇవాళ్టికీ నలుగురు లేరు. ఈ నాలుగు ముక్కలు ఆయన దిద్దించిన అక్షరాలతోనే రాస్తున్నాను.

ఆ కోడికాలు నన్ను వదలలేదు. చదివి, ఫిజియోథెరపీ నేర్చి, మళ్ళీ ఇదే ఊళ్ళో కూర్చున్నాను. రోజంతా నా పని ఆ తాళ్ళతోనూ పొరలతోనూ. మడమ పైన తాడు వాచినవాళ్ళు, మోకాటి కట్టు సాగినవాళ్ళు. అందరూ "నరం పట్టింది, నూనె రుద్దండి" అనే వస్తారు. రుద్దితే ఇంకా చెడుతుందని చెప్తే, ఈమెకు పని రాదని ఇంకోచోటికి పోయి రుద్దించుకొని, నెల తర్వాత కుంటుకుంటూ మళ్ళీ వస్తారు. వాళ్ళ మీద అరిచీ అరిచీ నా గొంతు బొంగురుపోయింది.

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం సారు మా మెట్లెక్కి వచ్చారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం రావడం లేదన్నారు. ఆయనకు షుగరు ఇరవై ఏళ్ళనాటిది. వేళ్ళు కొంచెం వంగి ఉన్నాయి, చర్మం మైనం పూసినట్టు బిగుతుగా ఉంది. నొప్పి లేదట.

"సార్, ఒకసారి నమస్కారం పెట్టండి" అన్నాను.

"నీకా?" అన్నారు. "నువ్వు నా దగ్గర చదివినదానివే."

"పరీక్ష సార్. పెట్టండి."

రెండు చేతులూ దగ్గరికి తెచ్చారు. వేళ్ళ కొసలు తాకాయి, మణికట్ల దగ్గర చేతులు తాకాయి. నడుమ అరచేతులు కలవలేదు. గట్టిగా నొక్కమన్నాను. నొక్కారు, కలవలేదు. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఉంటే చేతిలోని తాళ్ళూ వాటి తొడుగులూ చర్మం కింది పొరలూ గట్టిపడతాయి. వేళ్ళు పూర్తిగా చాపడం కుదరదు. మేము ఆ జబ్బును పట్టేది నమస్కారంతోనే. సారు తన చేతుల నడుమ సందును అటూ ఇటూ తిప్పి చూసుకొన్నారు. నా చేత జేబులోంచి చాక్‌పీసు తీయించి అందులో దూర్చమన్నారు. సరిగ్గా దూరింది. "చాక్‌పీసు దూరేంత సందు. రాసుకో" అని నవ్వారు. ఈ జబ్బును ఆయన నాకు పాఠం చెప్పలేదు, నేనే ఆయనకు చెప్పాను. చివరిదాకా శ్రద్ధగా విని మూడు ప్రశ్నలడిగారు.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వచ్చి, బిగుతు సడలేందుకు వేడి మైనంలో చేతులు ముంచుకొనేవారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళను "నీకు తెగింది ఏది? అది దేన్ని దేనితో కడతాది?" అని ప్రశ్నలేసి చంపేవారు. ఇంట్లో చేయమన్న వ్యాయామం మాత్రం చేసేవారు కాదు. "చేస్తా ఉండాను" అనేవారు. చేతిని చూస్తే నాకు తెలియదా? నేను విసుక్కుంటే, పాఠం రాని పిల్లవాడిలా తల వంచుకొని కూర్చునేవారు. ఆ వంచిన తలను చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

సారు మొదటిసారి నా దగ్గరికి వచ్చిన రెండు నెలలకు ఆయన మనవరాలికి తుంబలహళ్లిలో, అమ్మమ్మ ఇంట్లో, చెవులు కుట్టారు. కోడలి తండ్రి అక్కడ నాలుగెకరాల తోట ఉన్న రైతు. చదువుకోలేదన్న కొరత ఆయన మనసులో మొదటినుంచీ ఉంది. చదువు చెప్పే ఇంటికి పిల్లనిచ్చానని ఎంత గర్వమో, ఆ ఇంటివాళ్ళు తనను తక్కువగా చూస్తారేమోనని అంత అనుమానం. ఆ రోజు తన బంధువులందరి ముందూ వాకిట్లోకి ఎదురొచ్చి, చేతులు జోడించి, వంగి నమస్కారం పెట్టాడు. సారు కూడా పెట్టారు, ఆయన పెట్టగలిగినట్టు. వంగిన వేళ్ళు, కలవని అరచేతులు. పక్కనున్న పెద్దాయనెవరో వియ్యంకుడితో "ఏమప్పా, మీ సంబంధికి చేతులు కలిపేది కూడా బరువేనా?" అన్నాడట. నలుగురూ నవ్వారట.

అంతే. మా వైపు నమస్కారం పెట్టకపోయినా ఓర్చుకుంటారు, మరిచిపోయినాడులే అంటారు. సగం పెడితే ఓర్చుకోరు. అది కావాలని చేసినట్టు. ఆ రోజునుంచి వియ్యంకుడు ధర్మపురిలో కూతురింటి గడప తొక్కలేదు.

మరి కూతుర్ని చూడకుండా ఉండగలడా? ఉండలేడు. పదిహేను రోజులకొకసారి టమోటాల సంచీతో బస్సు దిగి, సరిగ్గా నా కిటికీ కింద బెంచీ మీద కూర్చునేవాడు. కోడలు పాపనెత్తుకొని వచ్చేది. ఓ గంట కూర్చొని, సంచీ ఇచ్చి, మళ్ళీ బస్సెక్కేవాడు. ఆ పాపకు అమ్మను కన్న తాత అంటే బస్టాండులో ఉండే మనిషి. మూడేళ్ళు పైనుంచి ఈ సంబడం చూశాను. పరుగున దిగిపోయి "అయ్యా, అది పొగరు కాదు, జబ్బు" అని ఒక్క మాట చెప్తే తీరిపోయేది. చెప్పకూడదని సారు నా దగ్గర మాట తీసుకున్నారు.

"ఆయన అడగల్ల" అన్నారు. "చేతులెందుకట్ల ఉండాయని ఒక్క మాట అడిగింటే, ఆడనే, అందరి ముందరా చెప్పుందును. అడగకుండా కోపం తెచ్చుకున్నోడికి నేనెట్ల చెప్పేది?"

"కోడలికైనా చెప్పండి సార్. పాపం, ఇద్దరి నడుమ నలిగిపోతా ఉంది."

"ఆ యమ్మకు చెప్తే వాళ్ళ నాయనకు చెప్తాది. ఆయన జాలిపడి వస్తాడు. జాలిపడి వచ్చినోడితో కూర్చొని నేను కాపీ తాగను."

ఒకసారి నేనే ఉండబట్టలేక కిందికి దిగి, బెంచీ మీదున్న ఆ పెద్దమనిషి పక్కన కూర్చున్నాను. "సారును ఒక్క మాట అడగకూడదా అయ్యా, ఆ రోజు ఎందుకట్ల చేసినారని?" అన్నాను. ఆయన టమోటాల సంచీ మూతి బిగించి కడుతూ, "నేనెందుకమ్మా అడిగేది? తప్పు చేసినోడే కదా వచ్చి చెప్పల్ల" అన్నాడు. ఒకాయన అడిగేదాకా చెప్పడు, ఇంకొకాయన చెప్పేదాకా అడగడు. మెట్లెక్కి వచ్చి ఆ రోజు పేషెంట్లందరి మీదా అరిచాను.

క్లాసులో ఆ మొండితనం ఎంత అందంగా ఉండేది! దాని వల్లే నేను ఇవాళ అన్నం తింటున్నాను. అదే మొండితనం ఇంట్లో మూడేళ్ళు ఒక పిల్లను తండ్రి కోసం బస్టాండుకు తిప్పింది. ఆయనకు ఋణపడి ఉన్నానని రాయబోయిన ప్రతిసారీ ఈ సంగతే అడ్డం వస్తోంది. రెండూ నిజమే, నేనేం చేయను?

ఆ గురువారానికి ముందు మంగళవారం మైనంలోంచి చేతులు తీస్తూ ఆయనే ఉన్నట్టుండి అన్నారు. "ఆదివారం తుంబలహళ్లి పోతాను. నేనుగా చెప్పను. వాకిట్లో నిలబడి నమస్కారం పెడతాను. ఆయన అడిగేదాకా చేతులు దించను."

"అడగకపోతే?"

"కోడికాలికి మూన్నాళ్ళు పట్టింది. ఈ తూరి ఎన్నాళ్ళు పడుతుందో చూద్దాం."

నాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. "ఇప్పుడన్నా వ్యాయామం చెయ్యండి సార్" అని తిట్టి పంపాను. నేను ఆయనతో ఆడిన చివరి మాట అదే.

గురువారం నేను పోయేసరికి వీధి మొదట్లోనే ఫ్లెక్సు కట్టేశారు. పాత విద్యార్థులు కట్టించారట. కొడుకు పెళ్ళినాటి ఫొటో, కల్యాణ మండపం ముందర నిలబడి వచ్చినవాళ్ళకు నమస్కారం పెడుతున్నారు. మనిషి ఎత్తున పెంచిన ఆ ఫొటోలో చేతుల నడుమ సందు స్పష్టంగా ఉంది. అప్పటికే ఉంది. ఆ పెళ్ళిలో నేను ముందు వరసలో కూర్చున్నాను. వియ్యంకుడు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరమూ చూడలేదు. ఫిజియోథెరపీ చదివి వచ్చినదాన్ని, నేను కూడా చూడలేదు. అప్పుడే చూసి ఉంటే ఆ చేతులు ఇంత బిగుసుకుపోనిచ్చేదాన్ని కాదు.

స్నానం చేయించి, ఇంటి ముందు షామియానా కింద బల్ల మీద పడుకోబెట్టారు. కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టారు. చేతులు రొమ్ము మీద జోడించి, బొటనవేళ్ళు కట్టడానికి మహేంద్రమంగళం నుంచి వచ్చిన దాయాది ఒకాయన తెల్లగుడ్డ పీలిక పట్టుకొని కూర్చున్నాడు. "సరిగ్గా కలపండప్పా" అన్నారెవరో. "కలవలేదే" అన్నాడాయన. "బిగుసుకుపొయ్యినట్టుండాది, నొక్కల్ల" అన్నారింకెవరో. నొక్కుతున్నారు. కోడలి పక్కన కూర్చొని నేను పళ్ళు బిగబట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడు వియ్యంకుడు. గేటు దగ్గర ఓ నిమిషం ఆగాడు. తర్వాత మూడేళ్ళుగా తొక్కని వాకిట్లోకి నడిచి వచ్చి, బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, "నేను చూస్తాను ఉండు" అని సారు చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. తోటపని చేసిన చేతులు, బలమైనవి. నెమ్మదిగా కలిపాడు. వేళ్ళ కొసలు తాకాయి, నడుమ కలవలేదు. కాస్త గట్టిగా నొక్కాడు. కలవలేదు. తలెత్తి వీధిలో ఫ్లెక్సు వైపు చూశాడు. మళ్ళీ చేతుల వైపు చూశాడు. మళ్ళీ ఫ్లెక్సు వైపు చూశాడు.

"ఈ చేతులు ఎందుకు కలవలేదు?" అన్నాడు.

ప్రశ్న వచ్చింది. దాని కోసం మూడేళ్ళు కూర్చున్న మనిషి ఎదురుగానే కళ్ళు మూసుకొని పడుకొని ఉన్నారు. నాకు ఆ క్షణంలో ఇద్దర్నీ పట్టుకొని కుదిపేయాలనిపించింది. కానీ అడిగితే చెప్పాలన్నది ఆయన నేర్పినదే కదా, లేచి దగ్గరికి పోయాను.

"చానా ఏండ్లుగా కలవవయ్యా" అన్నాను. "షుగరు. లోపల తాళ్ళు, పొరలు గట్టిపడిపోయినాయి. ప్రతి మంగళవారం నా దగ్గరికి వస్తా ఉండినారు."

"పాపకు చెవులు కుట్టిన రోజు?"

"అంతకు ముందునుంచే."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడుగుతారని చూస్తా ఉండినారు. ఈ ఆదివారం మీ వాకిట్లోకి వచ్చి, మీరు అడిగేదాకా నిలబడాలని అనుకున్నారు."

 పక్కనున్న కూతురు "నాయనా" అని ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దాయాది ఇంకాస్త పొడుగు పీలిక చించి తెచ్చి, "వేళ్ళకు, మణికట్లకు కలిపి గట్టిగా చుడితే కలుస్తాయి, చూసేదానికి బాగుంటాది" అని వంగాడు. వియ్యంకుడు ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు.

"వద్దు, వదలప్పా. ఆయన చేతులు అంతే."

బొటనవేళ్ళు మాత్రం వదులుగా కట్టారు.

కాసేపటికి పాడె కట్టడం మొదలైంది. తప్పెట్లవాళ్ళు వచ్చారు. సారు నాకు చెప్పినవన్నీ తలుచుకొని అప్పుడు తీరిగ్గా ఏడ్చాను. కళ్ళు తుడుచుకొని చూస్తే వియ్యంకుడు ఇంటి తిన్నె మీద ఒక్కడే కూర్చొని ఉన్నాడు. పాప వచ్చి ఆయన మోకాలు పట్టుకొని, "తాతా, నువ్వు మా ఇంటికి వచ్చినావా?" అని అడిగింది. ఆయన తన రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టుకొని మెల్లగా దగ్గరికి తెస్తున్నాడు. తాకబోతుండగా ఆపేశాడు. నడుమ చాక్‌పీసు దూరేంత సందు ఉంది. ఆ సందును అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు, చేతులు దించలేదు.